హైటెక్ సిటీలో సుమో ముచ్చట

హైదరాబాదు చూచివచ్చినవారు చార్మినారును గూర్చియు గోలకొండను గూర్చియు వ్రాయుట వాడుక. ఈ పర్యాయము మేము ఆ రెంటిని చూడలేదు. నగరమునకు పడమటి దిక్కున, ఒకప్పుడు రాళ్లగుట్టలును సీతాఫలపు పొదలును ఉన్నచోట లేచిన హైటెక్ సిటీ ప్రాంతమున పదిదినము లుండి వచ్చితిమి. అక్కడి అద్దాల మేడలను గూర్చి సోదరీమణులు వినియే యుందురు. ఆ మేడల నీడలో మేము చూచిన ముచ్చట వేరొకటి. జపాను దేశమున జరుగు సుమో అను మల్లయుద్ధములో ఏనాడు ఎవరు గెలుతురో ముందుగా ఊహించి వ్రాసిపెట్టి, అది ఫలించినచో సంతోషించుట, ఫలింపనిచో నవ్వుకొనుట, ఇంతే ఆ యాట. ఇంతమాత్రమునకు ఒక వ్యాసమెందుకని మీరడుగవచ్చును. మా ప్రయాణమునకే అది కారణమగుటచే వ్రాయక తీరదు.

మా అక్కగారి కుమార్తె నాలుగేండ్లుగా అక్కడ నొక కంప్యూటరు కంపెనీలో పనిచేయుచున్నది. 2025 సెప్టెంబరు నడిమి వారమున అక్కగారు మాకు ఫోనుచేసి, “చెల్లీ, పిల్ల ఏదో పందేల ఆటలో పడ్డట్టుంది. రోజూ మధ్యాహ్నం ఎవరు గెలుస్తారో ఫోనులో రాసి పంపుతోందట, దాని స్నేహితురాలు నోరుజారి చెప్పింది. మీ బావగారికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? దసరా సెలవులే కదా, మీరిద్దరూ వెళ్లి కనుక్కుని రండి” అని కన్నీరు పెట్టుకొనెను.

ఆమె భయము వట్టి భయము కాదు. మా వీథిలోనే ఒక గుమాస్తా ఫోనులో పేకాట మరిగెను. మొదట పది రూపాయలతో ఆడినాడు, పిదప వందలతో, పిదప అప్పుతో. భార్యకు తెలియునప్పటికి ఆమె మెడలోని సూత్రములుగూడ తాకట్టు దుకాణమున నుండెను. పసుపుకొమ్ము కట్టుకొని ఆమె రెండేండ్లు ఏ పేరంటమునకును రాలేదు. పిలువబోయిన మాకు తలుపు చాటుననే నిలిచి మాటాడెడిది. ధర్మజుని జూదము సభాపర్వమున చదివి కంటనీరు పెట్టుకొనుట వేరు, ప్రక్కయింటి తలుపు చాటున దానిని చూచుట వేరు. అందుచే అక్కగారి మాట విన్నంతనే మావారు సెలవులలో చేయదలచిన ఇంటి సున్నపుపని ఆపివేసి రైలు టిక్కెట్లు తెప్పించిరి.

రాజమహేంద్రవరమున గౌతమీ ఎక్స్‌ప్రెసు నెక్కినచో తెల్లవారి అది సికిందరాబాదు దాటి లింగంపల్లి వరకు పోవును. బండిలో సగముమంది మా అమ్మాయి వయసువారే. ప్రతివాని వీపున నొక నల్లని సంచి, అందులో కంప్యూటరు, చేతిలో అమ్మ కట్టియిచ్చిన ఆవకాయ డబ్బా. పూర్వము కాశీకి చదువునకు పోయెడి బ్రహ్మచారులు ఇట్లే యుండియుందురు కాబోలు, డబ్బాలో సరకు మాత్రము భేదము.

హైటెక్ సిటీకి మొదటి మేడ సైబర్ టవర్సు. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు దానిని ప్రారంభించిరి. అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడుగారు. గుండ్రని యాకారము గల ఆ మేడను చూచుటకే ఆ కాలమున ఊళ్లనుండి జనులు వచ్చెడివారట. ఇప్పుడు చుట్టునున్న మేడలలో అది పెద్దకోడళ్ల నడుమ నిలిచిన ముసలి అత్తగారివలె ఒదిగియున్నది. దాని కెదురుగా నున్న శిల్పారామమున మట్టికుండలు, చేనేత చీరలు, కొయ్యబొమ్మలు అమ్ముదురు. ఒక ప్రక్క లోకమంతటి లెక్కలు వ్రాయు మేడలు, ఒక ప్రక్క కొండపల్లి బొమ్మలు. మేము రెండవ ప్రక్కననే ఎక్కువసేపు గడపితిమని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంకొంచెము దూరమున దుర్గము చెరువు. కుతుబ్‌షాహీ ప్రభువుల కాలమున గోలకొండ కోటకు త్రాగునీ రిచ్చిన చెరువిది. గుట్టల నడుమ దాగియుండుటచే దీనిని రహస్యపు చెరువందురు. 2020 సెప్టెంబరునుండి దానిమీద తీగల వంతెన యున్నది. రాత్రివేళ దీపములతో వెలుగుచు ఇక రహస్యమన్నది మిగుల్చకున్నది. నాగోలునుండి రాయదుర్గమునకు పోవు మెట్రోరైలులో కూర్చుండినచో ఈ ప్రాంతమంతయు ఆకాశమార్గమున చూడవచ్చును. మేడల సందులలో అక్కడక్కడ ఇంకను పెద్ద నల్లరాళ్లు ఒకదానిమీద నొకటి నిలిచియున్నవి. వానిని పగులగొట్టక మిగిల్చినవా రెవరో గాని వారికి నమస్కారము.

కాని ఆ యూరు నిజముగా నెట్లుండునో చూడవలెనన్నచో మేడల వెనుకనున్న మాదాపురపు సందులకు పోవలెను. అడుగడుగున ఆడపిల్లల హాస్టళ్లు. ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు. క్రింద ఇడ్లీబండ్లు, జిరాక్సు కొట్లు, సాయంత్రము కూరలుమాత్రమే అమ్మెడి కర్రీపాయింట్లు. అన్నము వండుకొని కూర కొనుక్కొందురు. ఒక పొట్లము పప్పు, ఒక పొట్లము వంకాయ కూర పట్టుకొని, చెవిలో ఫోనుపెట్టుకొని, “తిన్నానమ్మా, ఇప్పుడే తిన్నా” అనుచు మెట్లెక్కు పిల్లలను మేము లెక్కపెట్టలేకపోతిమి. పొట్లము విప్పకుండగనే తిన్నానని చెప్పుట ఆ సందులలోని ఆచారము.

మా అమ్మాయియు మొదటి రెండేండ్లు అట్టి హాస్టలుననే యుండెను. ఇప్పుడు కొండాపురమున ఇద్దరు స్నేహితురాండ్రతో చిన్న వాటా తీసికొన్నది. మేము వెళ్లినది మంగళవారము. మరునాడు మధ్యాహ్నము భోజనపు వేళకు ఆఫీసు దగ్గరకు రమ్మని పిలిచినది. లోపలికి పోవుటకు మావంటివారికి అనుజ్ఞ లేదు. మెడలో కార్డు లేనివాని కక్కడ ద్వారపాలకులు తలుపు తీయరు. వెలుపల ఒక వేపచెట్టు క్రింద టీబండియును నాలుగు సిమెంటు తిన్నెలును కలవు. అక్కడనే మేము సుమోను మొదటిసారి చూచితిమి. అన్నపుడబ్బాకు ఫోనును చేరవేసి, చుట్టును నలుగురు చేరి, ముద్ద నోటను పెట్టుకొనుటగూడ మరచి చూచుచుండిరి.

మధ్యాహ్నమే ఎందుకనగా, జపానులో గడియారము మనకంటె మూడున్నర గంటలు ముందు. అక్కడ సాయంత్రము నాలుగు దాటినపుడు పెద్ద మల్లుల కుస్తీలు మొదలై ఆరింటికి ముగియును. అది మనకు పండ్రెండు ముప్పావు మొదలు రెండున్నర. హైటెక్ సిటీవారు అన్నము తిను వేళయు సరిగా నదియే. ఈ కాలసంధియే లేకున్న ఈ యాట అక్కడ వేరూనియుండెడిది కాదని మావారి సిద్ధాంతము.

సుమో యన నేమో కొంచెము చెప్పవలెను. గట్టిమట్టితో వేదిక కట్టి, దానిమీద గడ్డిమోపులతో గుండ్రని గిరి యేర్పరతురు. దాని వ్యాసము 4.55 మీటర్లు, అనగా సుమారు పదునైదడుగులు. ఇద్దరు మల్లులు ఎదురెదురుగ వంగి ఒక్కమారు తలపడుదురు. గిరి దాటినవాడు ఓడినట్లు. గిరిలోపల అరికాలు తప్ప మరే యంగము నేలకు తగిలినను ఓడినట్లే. బరువునుబట్టి వర్గములు లేవు. నూరు కిలోలవాడు నూటతొంబది కిలోలవానితో తలపడవచ్చును. కుస్తీ పదిక్షణములలో తేలిపోవును గాని దానికి ముందు ఉప్పు చల్లుట, కాలెత్తి నేల తొక్కుట, చూపులు కలుపుట కొన్ని నిమిషములు సాగును. మన గోదాలో మట్టి కంటికద్దుకొనుటవంటిదే ఈ యుప్పు.

ఏటికారు పోటీలు. జనవరి, మే, సెప్టెంబరులలో తోక్యోలోను, మార్చిలో ఒసాకాలోను, జులైలో నగోయాలోను, నవంబరులో ఫుకువొకాలోను జరుగును. ఒక్కొక్కటి 15 దినములు. పై తరగతిలో 42 మంది మల్లులు. ప్రతివాడు దినమున కొక కుస్తీ పట్టును. పదునైదింట ఎనిమిది గెలిచినవాడు మరుసటి పోటీలో మెట్టెక్కును, ఏడింటితో ఆగినవాడు దిగును. ఈ మెట్లన్నియు వ్రాసిన పట్టికను బంజుకే యందురు. అందు పైవాడు యోకోజునా, వాని క్రింద ఓజెకి, పిదప సెకివాకే, కొముసుబి, మిగిలినవారు మయెగషిరాలు. పట్టికను ఇప్పటికిని చేతితోనే వ్రాయుదురు. పైవారి పేర్లు పెద్దవి. క్రిందికి పోను పోను అక్షరములు వెండ్రుకవాసి యగును. క్రొత్తగా చేరిన కుర్రవాని పేరు కనుగొనుటకు వాని తల్లి అద్దము పట్టుకొనవలసినదే.

మల్లులు వస్తాదు ఇంటనే, గురుకులమున వలె, నివసింతురు. చిన్నవారు తెల్లవారుజామున లేచి సాధనచేసి, పిదప అందరికిని చాంకో అను కూరగాయల మాంసపు పులుసు వండుదురు. పెద్దలు తిన్న తరువాతనే వీరికి భోజనము. దీనిని వినగానే మాకు విరాటపర్వము తలపునకు వచ్చెను. వంటయింట గరిటె పట్టిన వలలుడే గదా సభలో జీమూతుడను మల్లుని నేలగూల్చినది! అదే కొలువున అన్నగారు కంకుభట్టై పాచికలాడుచుండెను. మల్లవిద్యయు జూదమును ఒకే యింట నుండుట ఆనాటినుండియు నున్నదే.

వస్తాదుగారి భార్యను ఒకామిసాన్ అందురు. మల్లులు గెలిచినను ఓడినను, జ్వరపడినను, ఇంటిమీద బెంగపడినను చూచుకొనునది ఆమెయే. ఊరినుండి వచ్చిన తల్లిదండ్రులకు ధైర్యము చెప్పునది ఆమెయే. లెక్కలు, ఉత్తరములు, అతిథులు ఆమె చేతిమీదుగనే. పదునైదేండ్ల పిల్లవానికి ఆమె తల్లితో సమానము. బడిపంతులు భార్యలమైన మాకు ఆ యమ్మను వేరుగ వర్ణింప నక్కరలేదు.

ఇక పిల్లల ఆట. సుమో అభిమానులు అనేక దేశములలో ఇట్టి ఊహాక్రీడలు పలువిధములుగా కల్పించుకొనిరి. ఒక విధమున, పోటీకి ముందు బంజుకే వెలువడక మునుపే, 42 మందిలో ఎవరెవరు ఏ మెట్టున నుందురో తామే పట్టిక వ్రాయుదురు. అసలు పట్టిక వచ్చినపిమ్మట సరిపోల్చి మార్కులు వేసికొందురు. ఇంకొక విధమున, ఏదినమున కాదినము ఎవరు గెలుతురో వ్రాయుదురు. మరునాటి జోడులు ముందుదినమే తెలియును గనుక రాత్రి ఆలోచించుకొనవచ్చును. ఇద్దరిద్దరు జతగా నిలిచి, ఎవరి ఊహలెక్కువ ఫలించినవో వారు ఆనాటి విజేతలు. అట్లు పదునైదు దినములలో ఎనిమిది గెలిచినచో ఆడువారికిని మెట్టు పెరుగును. ఆడువారు తమకుగూడ మల్లులవలె పేర్లు పెట్టుకొందురు, వారికిని బంజుకే కలదు. మా అమ్మాయి ప్రస్తుతము సెకివాకే. ఆ మాట చెప్పునపుడు దాని మొగమున వెలుగు బి.టెక్. పట్టా వచ్చిననాడుగూడ మేము చూడలేదు.

ఊహ అనగా గుడ్డిగా బొమ్మయా బొరుసా యనుట కాదు. ఎవడు నడుము పట్టి పట్టుబట్టువాడు, ఎవడు అరచేతులతో నెట్టువాడు. ఎవని మోకాలికి కట్టున్నది. ఎవడు నెట్టువానిముందు తడబడును. ఇవన్నియు పిల్లలు గుర్తుంచుకొందురు. అయినను లెక్కలన్నియు తలక్రిందులైన దినములు కలవు. 2024 మార్చిలో తకెరుఫుజీ అను యువకుడు పై తరగతికి వచ్చిన మొదటి పోటీలోనే ప్రథమ బహుమానము గెలుచుకొనెను. అట్టిది 110 ఏండ్లుగా జరుగలేదు. తెరునోఫుజీ యనువాడు ఓజెకి పదవినుండి మోకాళ్ల జబ్బుచేతను మధుమేహముచేతను క్రిందినుండి రెండవ తరగతివరకు జారి, మరల మెట్టుమెట్టే యెక్కి, 2020 జులైలో బహుమానమును, 2021లో యోకోజునా పదవిని పొందెను. “అలాంటివాణ్ణి చూస్తే పిన్నీ, మన ఊహ ఓడిపోయినా బాధనిపించదు” అని అమ్మాయి చెప్పినది.

నలదమయంతుల కథలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టును చూచి ఆకులెన్నియో కాయలెన్నియో చెప్పగా, బాహుకరూపుడైన నలుడు రథమాపి లెక్కించి సరియని యొప్పుకొనుట మీరెరుగుదురు. ఆ చెట్టుక్రింద ఇరువురు ఒడ్డినదేమియు లేదు. మావారు ఈ పోలిక విని సంతోషించి, బడి మార్కుల పుస్తకమువలె గీతలు గీసి పిల్లల పట్టికను బాగుచేయబూనిరి. ఎనిమిదవ తరగతి పిల్లలకంటె వీరు శ్రద్ధగా వినిరట.

అక్కగారు పంపిన పని మేము మరువలేదు. ఆ రాత్రి అన్నములైన తరువాత నేరుగా అడిగితిమి. అమ్మాయి తడుముకొనలేదు.

“ఇందులో ఒక్క పైసా లేదు పిన్నీ. కట్టేది లేదు, వచ్చేది లేదు. డబ్బు పెడదామన్నవాణ్ణి మేమే బయటికి పంపేశాం. మాలో మాకు ఒక్కటే నియమం, గెలిచినవాళ్లు మిరపకాయ బజ్జీలు కొనాలి.”

ఓడినవాడు కదా కొనవలసినది యని మావారడిగిరి. “అప్పుడు అది పందెమైపోదూ?” అని అది నవ్వినది. గెలిచినవానికే ఖర్చు, ఓడినవానికి బజ్జీ. ఈ ధర్మమును హస్తినాపురమున నెలకొల్పియుండినచో మహాభారతము ఎన్ని పర్వములు తగ్గియుండెడిదో!

చట్టపుమాటయు చెప్పుట మంచిది. ధనము పెట్టి ఫోనులో ఆడు ఆటలను తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను నిషేధించినవి. 2025 ఆగష్టులో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసి, నైపుణ్యపుటాట యనుడు, అదృష్టపుటాట యనుడు, డబ్బు ఒడ్డు ఆన్‌లైను ఆటలన్నియు కూడవని నిర్ణయించెను. క్రికెట్టు జట్లు కూర్చి డబ్బు కట్టించుకొనెడి పెద్ద పెద్ద కంపెనీలు దానితో ఆ పని మానుకొనినవి. డబ్బులేని ఆటల జోలికి ఆ చట్టము పోదు. మా వీథి గుమాస్తా భార్యకు ఈ చట్టము ఆలస్యముగ వచ్చినది. ఆమె సూత్రములు ఇంకను విడిపింపలేదు.

సుమోలోనే పందెము చేసిన చెరుపును గూర్చి అమ్మాయి చెప్పిన చరిత్ర మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించెను. బంతియాటమీద దొంగచాటుగ పందెములు కాసినారని 2010లో అనేకమంది మల్లులు పట్టుబడిరి. ఒక ఓజెకినే సంఘమునుండి వెళ్లగొట్టిరి. ఆ జులై పోటీని జపాను ప్రసారసంస్థ ఎన్.హెచ్.కె. ప్రత్యక్షముగ చూపుటగూడ మానెను. పోలీసువారు మల్లుల ఫోనులు వెదకగా పందెములేకాక, డబ్బుకు కుస్తీలనే అమ్ముకొన్న ఉత్తరములు బయటపడెను. ఎక్కడ కొట్టవలెను, ఎట్లు పడవలెను అనుటగూడ అందున్నదట. దానితో 2011 మార్చి పోటీనే రద్దుచేసిరి. 1946 తరువాత పోటీ ఆగుట అదియే మొదలు. ఏడుగెలుపులు, ఏడోటములతో చివరి దినమునకు వచ్చినవాడు ఉండవలసినదానికంటె ఎక్కువసార్లు గెలుచుచున్నాడని ఇద్దరు అమెరికా అర్థశాస్త్రజ్ఞులు 2002లోనే లెక్కకట్టి చూపియుండిరి. అప్పుడు నమ్మినవారు తక్కువ.

“డబ్బు కోసం పడినవాడి కుస్తీని ఊహించడమేమిటి, అది కుస్తీయే కాదుగా” అన్నది అమ్మాయి. ఆ మాటకు మేము బదులు చెప్పలేదు, చెప్పవలసినదియు లేదు.

ఒక విషయమున మాత్రము మాకు ఈ మల్లయుద్ధముమీద కోపము వచ్చినది. ఆ మట్టి వేదికను స్త్రీ తొక్కరాదట! 2000 సంవత్సరమున ఒసాకా రాష్ట్రమునకు ఒక స్త్రీ గవర్నరైనపుడు, విజేతకు బహుమానము తానే ఇత్తునని కోరగా ఒప్పుకొనరైరి. 2018 ఏప్రిలులో మయిజురు పట్టణమున, వేదికమీద మాటాడుచు పురపాలకాధ్యక్షుడు కూలిపోయెను. చూచువారిలోనుండి కొందరు స్త్రీలు పరుగెత్తిపోయి వాని గుండె నొత్తుచు ప్రాణము నిలుపజూచుచుండగా, స్త్రీలు దిగిపోవలెనని మైకులో కేక వినబడెను. పిదప సంఘాధ్యక్షుడు క్షమాపణ చెప్పుకొనెను, ఆచారము మాత్రము నిలిచియే యున్నది. ప్రాణము పోయుచున్న చేతికంటె శుద్ధమైన మట్టి యెక్కడ నుండునో మాకు తెలియదు. మనయిండ్ల ఆచారములలోను ఇట్టివి లేకపోలేదు. వానిని పాటించువారిలో మనమును ఉన్నాము గనుక జపానువారిని మాత్రమే తిట్టి ఊరుకొనుట న్యాయము కాదు. ఊహాక్రీడలో ఈ బాధ లేదు. అందు ఎవరి పేరు మగదో ఆడదో ఎవరు నడుగరు. మా సెకివాకే మొన్నటి జులైలో ఒక పెద్దమనిషిని ఓడించినది. ఆయన మనుమలను ఎత్తినవాడట.

తోడివారిని గూర్చియు చెప్పవలెను. ఆఫీసులో నలుగురు, మిగిలినవారు దేశదేశములవారు, ఒకరినొకరు చూచినవారు కారు. మే నెలలో అమ్మాయికి విషజ్వరము వచ్చి రెండుదినములు ఊహలు పంపలేదు. కూడనున్న స్నేహితురాండ్రు ఊళ్లకు పోయియుండిరి. ఇంటికి చెప్పినచో అమ్మ కంగారుపడునని చెప్పలేదు. మూడవనాడు దూరదేశపు వృద్ధురాలొకతె, “నీ పట్టిక రాలేదు, నీవు మానుదానవు కావు, ఒంట్లో బాగున్నదా?” అని వ్రాసినది. ఆ జాబు చూచియే టీబండి దగ్గరి స్నేహితులు కదలివచ్చి ఆసుపత్రికి తీసికొనిపోయిరి. లక్షలమంది నడుచు ఆ వీథిలో తలుపు తట్టినది పట్టిక రాకపోవుట! ఈ సంగతి అక్కగారికి చెప్పుటయా మానుటయా యని మేము రెండుదినములు తర్కించుకొని తుదకు చెప్పితిమి.

శనివారము చార్మినారు చూతమనుకొంటిమి. 26వ తేదీ రాత్రి మూసీ పొంగి మహాత్మాగాంధి బస్సుస్టేషనులోనికే నీరు చొచ్చుటచే కదలలేకపోతిమి. ఆదివారము, 28వ తేది, పోటీకి చివరి దినము. క్రింద ఆవరణలో స్త్రీలు బతుకమ్మకు తంగేడుపూలు, గునుగుపూలు పేర్చుకొనుచుండిరి. మాకు గోదావరి ప్రాంతమున ఈ పండుగ లేదు. పూలను పూజకు తెచ్చుటగాక పూలనే పూజించుట మా మనస్సునకు ఎంతో హాయి గొలిపెను. కొంతసేపు అక్కడ కూర్చుండి గునుగుపూలకు రంగులద్దియిచ్చి, రెండవ ఝాము దాటునప్పటికి పైకి వచ్చితిమి.

గది నిండ పిల్లలు. ఇద్దరు యోకోజునాలు మిగిలిరి. ఓనోసాతో జపానువాడు, సుమారు 190 కిలోలు. అప్పటికి 13 గెలుపులు. హోషోర్యూ మంగోలియావాడు, సుమారు 150 కిలోలు, 12 గెలుపులు. ఓనోసాతో గెలిచినచో అంతటితో సరి. హోషోర్యూ గెలిచినచో ఇరువురును సమానమై వెంటనే మరల తలపడవలెను. అమ్మాయి హోషోర్యూ పేరు వ్రాసినది. మావారు బరువును చూచి ఓనోసాతో యనిరి. హోషోర్యూ గెలిచెను! గది దద్దరిల్లినది. క్రిందనుండి ఎవరో స్త్రీ, ఏమైనదని కేకవేసి యడిగెను. కొలదిసేపటిలో రెండవమారు తలపడగా ఓనోసాతో గెలిచి బహుమానము గొనెను. ఇద్దరు యోకోజునాలు ఇట్లు మరల తలపడుట 16 ఏండ్లకు జరిగినదట. మామగారును కోడలును ఒకే బండిలో కూర్చున్నట్లు, ఇంటిలోని ఇద్దరి మాటయు ఒక్కదినమే నిలిచినందున ఎవరు బజ్జీలు కొనవలెనను తగవు వచ్చినది. మావారు పంతులుగారి హోదాతో తామే కొనిరి. ఆ బజ్జీలలో ఉప్పు తక్కువ.

ఇంటికి వచ్చి అక్కగారికి అంతయు వివరించితిమి. ఆమె చాలసేపు నమ్మలేదు. “డబ్బు లేకుండా ఎవరైనా ఆడతారా?” అని మూడుసార్లడిగెను. చింతపిక్కలతోను గవ్వలతోను మనము ఎన్నేండ్లాడితిమని అడుగగా అప్పుడు నవ్వినది.

నవంబరులో ఫుకువొకా పోటీకి మావారును ఊహలు పంపిరి. బంజుకే అట్టడుగున వారికొక పేరు దొరకినది. పదునైదు దినములును ఓనోసాతోనే పట్టుకొని కూర్చుండిరి. చివరి దినమున ఓనోసాతో భుజపు దెబ్బచే తప్పుకొనెను. అఓనిషికి యను 21 ఏండ్ల ఉక్రెయిను యువకుడు సమానముగ నిలిచిన హోషోర్యూను ఓడించి బహుమానము గెలిచి ఓజెకి యయ్యెను. 2022లో తన దేశమున యుద్ధము రాగా వాడు ఒంటరిగ జపాను చేరినవాడు. మావారు జనవరికి క్రొత్త పుస్తకము గీచుకొనుచున్నారు.

ఈ ఫలితము అమ్మాయి ఫోనులో చెప్పునపుడు అక్కగారు మా యింటనే యుండి ఫోనును తనచేతికి తీసికొనెను. యోకోజునాను గూర్చి గాని ఓజెకిని గూర్చి గాని అడుగలేదు. “ఆ ఉక్రెయిను కుర్రాడి తల్లి ఎక్కడుందే?” అని యడిగెను. తల్లిదండ్రులు జర్మనీలో తలదాచుకొన్నారని అమ్మాయి చెప్పినది. “పాపం, కొడుకు గెలిచింది ఆవిడ చూసిందంటావా?” అని మరల నడిగి, జవాబు వినుటకు పమిట చెంగుతో మొగము తుడుచుకొని ఫోనును చెవికి ఇంకను దగ్గరగా ఆనించుకొనెను.